మౌసు పట్టకుండా కోడు చదవడం

"కంప్యూటరు మీటల సంగతి తెలుగు శాఖ గోడపత్రికలో ఎందుకు?" అని అడిగేవాళ్ళు ఉంటారు. కారణం మన శాఖలోనే ఉంది. మనకు ముందు చదివిన అక్కలు ఒక చిన్న ప్రోగ్రాము రాసిపెట్టి వెళ్ళారు. పద్యపాదం ఇస్తే అది గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, యతి, ప్రాస సరిపోయాయో లేదో చెబుతుంది. దిలీప్ మిరియాల గారు తయారుచేసిన 'ఛందం' సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్టులో ఉంది, దాని ముందు మనది పసిపిల్ల. అయినా మనది మన క్లాసు కోసం పుట్టింది. ఛందస్సు పాఠం రోజున అందరం దాన్నే వాడుతున్నాం.

వాడడం అందరికీ వచ్చు. తెరిచి లోపల ఏముందో చదివేవాళ్ళం మాత్రం ఈ ఏడాది ముగ్గురమే. ముగ్గురమూ మూడో ఏడాదివాళ్ళమే. మేం వెళ్ళాక దాన్ని ఎవరూ చదవలేకపోతే, అది ఒకరోజు పనిచేయడం మానేస్తుంది, అంతే. మరమ్మతు చేసేవాళ్ళు లేని బావి మోటారులాగా మూల పడి ఉంటుంది. చెల్లెళ్ళలో కనీసం ఐదారుగురు దాన్ని చదవగలిగితే బాగుంటుందని మా ఆశ. చదవడానికి ముందుగా కావలసింది పైథాన్ భాష కూడా కాదు. కోడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దారి తప్పకుండా వెళ్ళి రావడం కావాలి. ఆ రాకపోకలకే ఈ మీటలు.

మన ల్యాబులో ఉన్న ఎడిటరు విజువల్ స్టూడియో కోడ్. మైక్రోసాఫ్ట్ 2015లో బయటపెట్టింది, ఉచితం. అందుకే ఇక్కడ చెప్పే మీటలు దానివే, విండోస్ కంప్యూటరులో పనిచేసేవి. వేరే ఎడిటర్లలో మీట మారొచ్చు, పని మాత్రం ఇదే.

కోడు వరుసగా చదివేది కాదు

కథ అయితే మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదువుతాం. కోడును అలా చదివితే పదో వరుసకే విసుగొస్తుంది. ఎందుకంటే కోడులో ప్రతి వరుసా ఇంకెక్కడో ఉన్న పనిని పిలుస్తుంటుంది. 'గణాలు విడగొట్టు' అని ఒక వరుస ఉంటుంది. ఎలా విడగొట్టాలో వేరే ఫైలులో ఉంటుంది. అక్కడికి వెళ్తే అది 'గురులఘువులు తెచ్చుకో' అంటుంది. అది మరో చోట ఉంటుంది.

ఇది మనకు కొత్త కాదు. నిఘంటువులో ఒక మాట దగ్గర 'చూ.' అని ఉండి, పక్కన ఇంకో మాట ఉంటుంది. పేజీలు తిప్పి అక్కడికి వెళ్తాం. వెళ్ళేముందు ఈ పేజీలో వేలు పెట్టుకుంటాం, తిరిగి రావాలి కాబట్టి. ప్రబంధాల ముద్రణల చివర పద్యాలకు అకారాది సూచిక ఉంటుంది. పద్యం మొదటి మాట తెలిస్తే చాలు, ఏ ఆశ్వాసంలో ఉందో దొరుకుతుంది. సూచిక, 'చూ.', వేలు: ఈ మూడూ తెలిసిన తెలుగు విద్యార్థికి కోడు చదవడంలో సగం వచ్చినట్టే. ఎడిటరులో ఆ మూడింటికీ మీటలు ఉన్నాయి.

మౌసుతోనూ ఈ పనులు చేయొచ్చు. కానీ చేయి కీబోర్డు వదిలి మౌసు పట్టుకుని, పక్కన ఫైళ్ళ జాబితా తెరిచి, పైకీ కిందకీ జరుపుతూ వెతికేలోపు 'నేను ఏం చూడాలని వచ్చాను?' అన్న ప్రశ్నే జారిపోతుంది. షార్ట్‌కట్లు వేగం కోసం అని అందరూ అంటారు. నా లెక్కలో అవి జ్ఞాపకం కోసం. ప్రశ్న తలలో ఉండగానే జవాబు కళ్ళ ముందుకు రావాలి.

నాలుగు ప్రశ్నలు

కోడు చదివేటప్పుడు మనకు వచ్చే ప్రశ్నలు నిజానికి నాలుగే. మీటల్ని జాబితాగా బట్టీ పట్టకుండా, ఏ ప్రశ్నకు ఏ మీటో గుర్తుపెట్టుకుంటే మరచిపోం.

మొదటిది: ఫలానాది ఎక్కడ ఉంది?

ఫైలు పేరు తెలిస్తే కంట్రోల్ + పి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది, పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఫైలు వస్తుంది. ఫైలు తెరిచే ఉంది, అందులో ఏయే పనులు రాసి ఉన్నాయో చూడాలంటే కంట్రోల్ + షిఫ్ట్ + ఓ. ఇది ఆ ఒక్క ఫైలుకు విషయసూచిక. ఏ ఫైలులో ఉందో కూడా తెలియదు, పని పేరు మాత్రమే తెలుసు అంటే కంట్రోల్ + టి. ఇది మొత్తం ప్రోగ్రాముకు అకారాది సూచిక లాంటిది. వరుస సంఖ్య తెలిస్తే కంట్రోల్ + జి. ప్రోగ్రాము తప్పు చూపించేటప్పుడు '84వ వరుస' అని చెబుతుంది కదా, అప్పుడు ఇదే దారి.

రెండోది: ఈ పేరుకు అర్థం ఏమిటి?

పేరు మీద కర్సరు పెట్టి ఎఫ్12. ఆ పేరు ఎక్కడ నిర్వచించారో అక్కడికి తీసుకెళ్తుంది. నిఘంటువులో 'చూ.' ఇదే. ఉన్నచోటు వదలకుండా తొంగి చూసి రావాలంటే ఆల్ట్ + ఎఫ్12. అదే పేజీలో చిన్న కిటికీ తెరిచి చూపిస్తుంది, ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. పైథాన్ ఫైళ్ళలో ఈ మీటలు పనిచేయాలంటే ఎడిటరులో పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఉండాలి.

మూడోది: దీన్ని ఎవరెవరు వాడుతున్నారు?

షిఫ్ట్ + ఎఫ్12. ఇది ఎఫ్12కు తిరగేసిన ప్రశ్న. ఒక పనిని ప్రోగ్రాములో ఎన్ని చోట్ల పిలిచారో అన్నీ వరుసగా చూపిస్తుంది. నాలుగింటిలోకీ తక్కువమంది వాడేది ఇదే, ఎక్కువ అవసరమైనదీ ఇదే. ఎందుకో కింద ఉదాహరణలో చెబుతాను.

నాలుగోది: నేను వచ్చిన చోటికి ఎలా తిరిగి వెళ్ళాలి?

ఆల్ట్ + ఎడమ బాణం. పేజీలో పెట్టుకున్న వేలు ఇదే. ఎన్ని చోట్లకు వెళ్తే అన్ని అడుగులూ ఎడిటరు గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో నొక్కుకు ఒక్కో అడుగు వెనక్కి తెస్తుంది. మళ్ళీ ముందుకు కావాలంటే ఆల్ట్ + కుడి బాణం. ఈ మీట తెలిశాక కోడులో లోపలికి వెళ్ళడానికి భయం ఉండదు. మా కల్లావి చుట్టుపక్కల చేలల్లో కొత్తగా వచ్చిన చుట్టం గెనిమ దిగి నడవడానికి జంకుతాడు, తిరిగి రోడ్డు ఎటో తెలియక. ఊరివాళ్ళకు ఆ జంకు ఉండదు. తిరుగుదారి తెలిసినవాళ్ళే ఎంత దూరమైనా వెళ్తారు.

ఒక పని మొదటి నుంచి చివరిదాకా

ఇప్పుడు మన ప్రోగ్రాములోనే ఒక ఉదాహరణ. అక్కలు రాసిన పనుల పేర్లు తెలుగులోనే ఉన్నాయి. పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి, అంటే 2008 డిసెంబరు నుంచి, పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. 'డెఫ్', 'ఇఫ్' లాంటి భాషలోని మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. అందుకే మన కోడు తెరిస్తే అక్షరాలు, గురువా, గణాలు, యతి_కుదిరిందా అనే పేర్లు కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, హోసూరు వైపు వెళ్తే కన్నడం కూడా వినే మనకు, కోడులో ఇంగ్లీషు పక్కన తెలుగు కనిపించడం వింతేమీ కాదు.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని మొదటి ఏడాదే చదువుకున్నాం. 'మధురస్వరము' అనే సమాసంలో 'స్వ' ముందున్న 'ర' గురువు. కానీ 'అతడు స్వరము' అని రెండు వేరు మాటలు ఉంటే, తెలుగు పద్యంలో 'డు' సాధారణంగా లఘువుగానే ఉండిపోతుంది. ఛందస్సు మేడం గారు ఇచ్చిన అభ్యాసంలో ఇలాంటి పాదం వచ్చినప్పుడు మన ప్రోగ్రాము 'డు'ను గురువు అంది. ఎందుకు?

ముందు కంట్రోల్ + టి నొక్కి 'గురువా' అని కొట్టాం. ఆ పని రాసిన చోటికి వచ్చాం. చదివితే అందులో లెక్క సరిగ్గానే ఉంది: దీర్ఘమా, సున్నా ఉందా, విసర్గ ఉందా, పొల్లు ఉందా, తర్వాతి అక్షరం సంయుక్తమా. మాట మారిందా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. అక్కలు మరిచిపోయారా అనుకోబోయాం. కానీ ఆ పనికి ఇచ్చిన జాబితాలో మాట మారిన జాడే ఉండకపోతే అది మాత్రం ఎలా అడుగుతుంది?

జాబితా ఎక్కడి నుంచి వస్తోంది? 'అక్షరాలు' అనే పని నుంచి. ఆ పేరు మీద కర్సరు పెట్టి ఎఫ్12. వేరే ఫైలులోకి వెళ్ళాం. అక్కడ మొదటి వరుసలోనే పాదంలోని ఖాళీలన్నీ తీసేస్తున్నారు. 'అతడు స్వరము' అక్కడే 'అతడుస్వరము' అయిపోతోంది. గురువాకు చేరేసరికి రెండు మాటలన్న సంగతే పోయింది. జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట. ఆల్ట్ + ఎడమ బాణంతో మళ్ళీ గురువా దగ్గరికి వచ్చి ఇంకోసారి చదివి, అదే కారణమని తేల్చుకున్నాం.

ఇక్కడ తొందరపడేవాళ్ళు ఏం చేస్తారంటే, ఖాళీలు తీసేసే ఆ ఒక్క వరుసను చెరిపేస్తారు. ఖాళీ కూడా జాబితాలో ఉంటే మాట మారిన సంగతి తెలుస్తుంది కదా! చెరపకముందు 'అక్షరాలు' మీద షిఫ్ట్ + ఎఫ్12 నొక్కాం. నాలుగు చోట్ల వాడుతున్నారు. ఒకటి గురులఘువులకు. రెండోది ప్రాసకు. మూడోది యతికి. నాలుగోది పాదంలో అక్షరాల లెక్కకు.

ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, గణాలు భ ర న భ భ ర వ, యతి 10వ అక్షరం. జాబితాలో ఖాళీలు కూడా చేరితే, ఏడు మాటల పాదంలో ఆరు ఖాళీలు కలిసి లెక్క 26 అవుతుంది. 10వ చోట ఉండాల్సిన యతి అక్షరం ఇంకెక్కడికో జరుగుతుంది. మొదటి మాట ఒకే అక్షరమైతే ప్రాస చూడాల్సిన రెండో చోట అక్షరం బదులు ఖాళీ ఉంటుంది. ఒక 'డు'ను లఘువు చేయబోయి, క్లాసులో అందరి పద్యాలూ తప్పని ప్రోగ్రాము తీర్పు చెబుతుంది.

అందుకని ఆ వరుస ముట్టలేదు. ఖాళీలు తీసేముందే, ఏయే అక్షరాల దగ్గర కొత్త మాట మొదలవుతోందో చెప్పే రెండో జాబితా ఒకటి తయారుచేశాం. దాన్ని గురువా ఒక్కటే చూస్తుంది. మిగిలిన మూడు చోట్లా ఏమీ మారలేదు. ఇప్పుడు 'అతడు స్వరము'లో 'డు' లఘువు, 'మధురస్వరము'లో 'ర' గురువు. సమాసం మధ్యలో ఎవరైనా ఖాళీ పెట్టి కొడితే మాత్రం యంత్రం దాన్ని రెండు మాటలే అనుకుంటుంది. సమాసమా కాదా అని తేల్చడం ఇంకా మన పనే. అందుకే కదా మనం తెలుగు చదువుకుంటున్నది!

ఈ మొత్తం పనిలో రాసింది కొన్ని వరుసలే. చదివింది నాలుగు ఫైళ్ళు. కోడు పని ఎక్కువగా ఇలాగే ఉంటుంది, రాసేది కొంచెం, చదివేది చాలా. మార్చబోయే ముందు 'దీన్ని ఎవరెవరు వాడుతున్నారు?' అని అడగడం మర్యాద కూడా. నలుగురు తాగే బావిలో చేయి పెట్టేముందు ఆ నలుగురూ ఎవరో చూసుకోవాలి.

తెలుగు అక్షరం, ఎడిటరు లెక్క

తెలుగు ఉన్న కోడులో తిరిగేటప్పుడు కొన్ని సంగతులు ఇంగ్లీషులో ఉన్నట్టు ఉండవు. ముందే తెలిస్తే కంగారు ఉండదు.

'స్త్రీ' మనకు ఒకే అక్షరం. యంత్రానికి అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. యూనికోడ్‌లో తెలుగును అలా దాస్తారు. పైథాన్‌ను 'స్త్రీ' పొడవు ఎంత అని అడిగితే 6 అంటుంది. అక్కలు 'అక్షరాలు' అనే పనిని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది ఇందుకే. యంత్రం ముక్కల్ని మన అక్షరాలుగా కలిపి ఇచ్చేది అదే.

బాణం మీటతో జరిగేటప్పుడు చాలా ఎడిటర్లలో కర్సరు 'కీ'ని ఒక్క అడుగులో దాటుతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం ముందు దీర్ఘం ఒక్కటే పోయి 'క' మిగులుతుంది. ఇది తప్పు కాదు, సదుపాయం. గుణింతం ఒక్కటి మార్చడానికి అక్షరమంతా మళ్ళీ కొట్టనక్కరలేదు.

ఒక్కో అక్షరం కాకుండా మాటమాటకూ దూకాలంటే కంట్రోల్ + బాణం. వరుస మొదటికి హోమ్, చివరికి ఎండ్. ఫైలు మొదటికి కంట్రోల్ + హోమ్, చివరికి కంట్రోల్ + ఎండ్. వీటికి షిఫ్ట్ కలిపితే దాటినంత మేరా ఎంపిక అవుతుంది. యతి_కుదిరిందా లాంటి పేరును, మధ్యలో అడ్డగీత ఉన్నా, ఎడిటరు ఒకే మాటగా తీసుకుని దాటుతుంది.

వెతకడంలోనే అసలు చిక్కు. ఫైలులో వెతకడానికి కంట్రోల్ + ఎఫ్, మొత్తం ప్రోగ్రాములో వెతకడానికి కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్. కళ్ళకు ఒకేలా కనిపించే రెండు తెలుగు మాటలు లోపల వేరుగా ఉండొచ్చు. 'సాఫ్ట్‌వేర్'లో 'ట్' కింద 'వ' వత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే వెతుకులాటలో ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. పైగా పైథాన్‌లో పనుల పేర్ల మధ్య ఆ గుర్తు పడితే భాష అసలు ఒప్పుకోదు. అందుకని పేర్లు పెట్టేటప్పుడు అది అక్కరలేని మాటలే ఎంచుకోవాలని మేం ముగ్గురం నియమం పెట్టుకున్నాం. పేరు మార్చాల్సి వస్తే వెతికి ఒక్కోటీ మార్చకండి. పేరు మీద ఎఫ్2 నొక్కి కొత్త పేరు ఇస్తే, వాడిన చోటల్లా ఎడిటరే మారుస్తుంది.

మౌసు కనిపించనివాళ్ళకు

మా క్లాసులో చూపు లేని స్నేహితురాలు ఉంది. కోడు చదివే ముగ్గురిలో ఆమె ఒకతె. ఈ మీటలన్నీ మాకన్నా ముందు నేర్చుకున్నది ఆమే. మాకు మౌసు ఉంది కాబట్టి మీటలు ఇష్టం ఉంటే నేర్చుకునేవి. ఆమెకు తెరమీద బాణం గుర్తు ఎక్కడుందో తెలియదు కాబట్టి మీటలే దారి.

ఆమె కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేరు ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపు లేని యువకులు 2006లో మొదలుపెట్టారు. ఉచితం. కర్సరు ఎక్కడుంటే అక్కడి వరుసను అది చెవిలో చదువుతుంది, తెలుగు కూడా పలుకుతుంది. వరుసగా వింటూ పోతే మన ప్రోగ్రాము వినడానికే పూట పడుతుంది. ఆమె అలా వినదు. కంట్రోల్ + షిఫ్ట్ + ఓతో ఫైలులోని పనుల పేర్లు వింటుంది, కావలసిన దాని దగ్గర ఎంటర్ నొక్కుతుంది, ఎఫ్12తో లోపలికి వెళ్తుంది, ఆల్ట్ + ఎడమ బాణంతో వెనక్కి వస్తుంది. పైన చెప్పిన 'నాలుగు ప్రశ్నలు' అన్న పద్ధతి ఆమె మాకు నేర్పినదే.

ఈ దారిలో మన దేశంవాడే ఒకరు ఎప్పుడో నడిచారు. టి. వి. రామన్ పద్నాలుగో ఏట గ్లాకోమాతో చూపు పోగొట్టుకుని, ఐఐటీ బొంబాయిలో చదివి, అమెరికాలో పరిశోధన చేశారు. ఈమాక్స్ అనే ఎడిటరు కోడును మాటల్లో వినిపించేలా 'ఈమాక్‌స్పీక్' తయారుచేసి 1995లో విడుదల చేశారు. తను వాడుకోవడానికి కావలసినదాన్ని తనే రాసుకున్నారు.

మౌసు లేకుండా పని జరిగేలా ఉంటే ఆ పనిలో అందరికీ చోటుంటుంది. మన ప్రోగ్రాముకు ఎప్పుడైనా కొత్త తెర చేస్తే, అందులోనూ ప్రతి పనికీ మీట ఉండాలని నా కోరిక.

ఈ మీటలు ఎక్కడివి

మౌసు మనకు పాతదిగా కనిపిస్తుంది కానీ, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దాన్ని జనం ముందు చూపించింది 1968 డిసెంబరు 9న. ఇళ్ళలోకి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకూ కోడు రాసేవాళ్ళకు మీటలే గతి.

1976లో కాలిఫోర్నియా బర్కిలీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 'వీఐ' అనే ఎడిటరు రాశాడు. ఆయన వాడిన టెర్మినల్‌లో బాణాలకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు గీసి ఉండేవి. అందుకే ఆ ఎడిటరులో ఎడమకు హెచ్, కిందికి జె, పైకి కె, కుడికి ఎల్ అయ్యాయి. ఆ టెర్మినళ్ళు పోయినా ఆ నాలుగు అక్షరాల అలవాటు ఇప్పటికీ ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో దాన్ని పెంచి 'విమ్'గా విడుదల చేశాడు. దానికి డబ్బు అడగలేదు, నచ్చితే ఉగాండాలోని కిబాలెలో అనాథ పిల్లలకు సాయం చేయమన్నాడు. 2023 ఆగస్టులో చనిపోయేదాకా దాన్ని చూసుకుంటూనే ఉన్నాడు. ఆయన తర్వాత ఆ పనిని వేరేవాళ్ళు అందుకున్నారు. అందుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టే అది బతికింది.

మొదలుపెట్టడం ఎలా

అన్నీ ఒక్కసారి నేర్చుకోవాలని చూడకండి. మొదటి వారం మూడే మీటలు: కంట్రోల్ + పి, ఎఫ్12, ఆల్ట్ + ఎడమ బాణం. వెళ్ళడం, లోపలికి దిగడం, తిరిగి రావడం. రెండో వారం షిఫ్ట్ + ఎఫ్12, కంట్రోల్ + షిఫ్ట్ + ఓ. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12 నొక్కితే కోడుకు బదులు శబ్దమో వెలుగో మారుతుంది. అప్పుడు ఎఫ్ఎన్ అనే మీట కలిపి నొక్కాలి. మీట గుర్తు రాకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + పి నొక్కి, కావలసిన పని పేరు ఇంగ్లీషులో రెండు మాటలు కొట్టండి. జాబితాలో ఆ పని, పక్కనే దాని మీట కనిపిస్తాయి. మొత్తం మీటల పట్టీ కావాలంటే కంట్రోల్ పట్టుకుని ముందు కె, తర్వాత ఎస్. చేతికి అందని మీటను అక్కడే మార్చుకోవచ్చు కూడా.

మౌసు వాడితే తప్పేమీ లేదు. బొమ్మలు గీసేటప్పుడు, కొత్త తెర ఎలా ఉందో చూసుకునేటప్పుడు నేనూ దాన్నే పట్టుకుంటాను. మీటలు కోడును అర్థం చేయించవు కూడా. అర్థం చేసుకోవాల్సింది మనమే. అవి మనల్ని సరైన వరుస ముందు నిలబెడతాయి, అంతే.

2022 మార్చి 1న తమిళనాడు ప్రభుత్వం 'నాన్ ముదల్వన్' పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఆర్ట్స్ కాలేజీల్లోనూ కంప్యూటరు కోర్సుల మాట ఎక్కువగా వినిపిస్తోంది. చాలామంది చెల్లెళ్ళు 'మాది తెలుగు మెయిన్ అక్కా, కోడు మాకెందుకు' అంటున్నారు. యతి ఎక్కడ పడాలో, సమాసంలో గురువు ఎందుకవుతుందో తెలిసినవాళ్ళు ఈ ప్రోగ్రాముకు కావాలి. పైథాన్ తెలిసినవాళ్ళు వేరే శాఖల్లో దొరుకుతారు. 'డు' లఘువని చెప్పగలిగేవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

కల్లావి బస్సు కోసం నేను నాలుగింటికి ల్యాబు వదలాలి. అందుకని మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం భోజనం గంటలో ల్యాబులోనే ఉంటాం. పై మీటలన్నీ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి కీబోర్డుల పైన గోడకు అంటించాం. ఛందస్సు నోటు పుస్తకం ఒకటి తెచ్చుకుంటే చాలు. మొదటి రోజు గురువా అనే పని తెరిచి, అక్కడి నుంచి ఎఫ్12తో ఎంత దూరం వెళ్ళగలరో, ఎన్ని ఆల్ట్ బాణాలతో వెనక్కి రాగలరో చూద్దాం.